పెద్ద రింగు పంచాయితీ

నేనొక కత్తెరను. నిక్కచ్చిగా చెప్పాలంటే సగం కత్తెరను. బొటనవేలు దూర్చే చిన్న రింగు, దాని కింద పొడుగాటి బద్ద, ఆ బద్ద మీద నన్ను చేసినవాడు కొట్టిన పేరు, నడుమ ఒక చిల్లు. ప్రస్తుతానికి నా ఆస్తి ఇంతే. రెండో బద్ద ఇంకొకరి దగ్గరుంది. రెంటినీ కలిపే మర మూడో మనిషి దగ్గరుంది. నేను విరగలేదు, తుప్పు పట్టలేదు, దొంగల పాలూ కాలేదు. నన్ను పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు.

అంతకుముందు నేను లారీని. లారీ మొత్తం కాదు లెండి, దాని బరువు మోసే కమాను పట్టీల్లో ఒకదాన్ని. ఉత్తరాదిన కత్తెరలు చేసే ఒక వీధిలో ఆ పాత పట్టీని ముక్కలు చేసి, కొలిమిలో కాల్చి, సుత్తితో సాగదీసి నాకీ రూపం తెచ్చారు. చివర్లో ఒక ముసలాయన రెండు బద్దల్నీ దగ్గరికి చేర్చి, వెలుతురుకేసి పట్టి చూశాడు. మధ్యలో వెంట్రుకవాసి సందు కనిపించాక తృప్తిగా తల పంకించాడు. బద్దలు రెండూ పూర్తిగా అతుక్కుపోతే గుడ్డ తెగదు, మరీ ఎడమైతే నలుగుతుంది గాని తెగదు. ఆ సందెంతో తెలిసినవాడే పనివాడు. లోకంలో ఎదురుబొదురుగా ఉన్న ప్రతి ఇద్దరికీ ఈ సంగతి తెలిసే ఉంటుందని అప్పట్లో అనుకునేదాన్ని. చిన్నతనం.

పాలదిన్నెపేట బస్టాండు వెనక బట్టలు కుట్టే దూదేకుల సుభానీ నన్ను కొన్నాడు. సన్నటి పొడుగాటి మనిషి, మెడలో టేపు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. భార్య మాబున్నీ కాజాలు కుట్టి గుండీలు వేసేది. నోరు మాత్రం కుట్టుకునేది కాదు.

ఆ ఊళ్ళో రెండు పార్టీలుండేవి. గొడుగు పార్టీది వంగపండు రంగు, నిచ్చెన పార్టీది చిలకపచ్చ. ఎన్నికలొస్తే ఇద్దరి జెండాలూ కండువాలూ సుభానీయే కుట్టేవాడు. పొద్దున ఒకరివి, మధ్యాహ్నం ఒకరివి. నా కింద రెండు గుడ్డలూ ఒకే చప్పుడుతో తెగేవి. మిగిలిన పేలికలతో మాబున్నీ కాళ్ళు తుడుచుకునే పట్టా కుట్టేది, ఒక వరస వంగపండు, ఒక వరస చిలకపచ్చ. ఆ ఊళ్ళో ఆ రెండు రంగులూ కొట్టుకోకుండా పక్కపక్కన పడుకున్నది వాళ్ళ గుమ్మం ముందు ఒక్కచోటే.

నాకు పేరెలా వచ్చిందో చెప్పాలి. ఒకసారి ఎదురుగా మిఠాయి కొట్టు ప్రారంభం పెట్టుకున్నారు. తళతళలాడే కొత్త కత్తెర తెచ్చారు, రిబ్బన్ తెగలేదు. పెద్దమనిషి చెమటలు తుడుచుకుంటుంటే సుభానీ పరుగున వెళ్ళి నన్ను అందించాడు. నేను చటుక్కున కోశాను. ఆ కొట్టు దివ్యంగా నడిచింది. అంతే, ఊరికి నమ్మకం కుదిరిపోయింది. సుభానీ కత్తెర పడితే తిరుగుండదన్నారు. మందుల షాపు, ట్యుటోరియల్ కాలేజీ, బట్టల దుకాణం, ఏది తెరిచినా నేనే వెళ్ళాలి. సుభానీ నన్ను తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, పళ్ళెంలో తమలపాకులు పరిచి మోసుకెళ్ళేవాడు. నేను కోసిన రిబ్బన్ల వెనక మూతపడ్డ దుకాణాలు కూడా ఓ పదకొండున్నాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. నమ్మకం అన్నాక కాస్త మతిమరుపు కూడా ఉండాలి కదా.

ఇలా ఉండగా సుభానీ కాళ్ళు వాచాయి. ముఖం ఉబ్బింది. రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి, దాన్నే డయాలసిస్ అంటారు. ఆ మిషన్లు డెబ్భై నాలుగు కిలోమీటర్ల దూరంలో జిల్లా ఆసుపత్రిలో ఉన్నాయి. వెళ్ళడానికి రెండున్నర గంటలు, మిషను మీద నాలుగు గంటలు, రావడానికి మళ్ళీ రెండున్నర. ఆ ఊరి నుంచి అలాంటివాళ్ళు ఇరవై ఆరుగురు ఒకే బస్సెక్కేవారు. వాళ్ళు తాగదగ్గ నీళ్ళు రోజు మొత్తానికీ అర లీటరే. బస్సులో ఎవరైనా సీసా ఎత్తి గటగటా తాగితే ఇరవై ఆరు తలలు అటు తిరిగేవి.

రెండేళ్ళకి గుండె కూడా నీరసించింది. జిల్లా ఆసుపత్రి డాక్టరు మాబున్నీని పక్కకి పిలిచి, "ఈ ప్రయాణాలతో ఇంకో ఎండాకాలం తట్టుకోవడం కష్టమమ్మా. మీ ఊళ్ళోనే చేయించుకునే ఏర్పాటు ఉంటే నడుస్తుంది," అన్నాడు.

ఏర్పాటు లేకేం, ఉంది. మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో అయిదు కొత్త డయాలసిస్ మిషన్లు ప్లాస్టిక్ ముసుగులేసుకుని ఏడాదిగా కూర్చుని ఉన్నాయి. గొడుగు పార్టీ ఏలుబడిలో వచ్చాయవి. తెరిచేలోగా ఎన్నికలొచ్చాయి, నిచ్చెన పార్టీ గెలిచింది. ఎమ్మెల్యే బసివిరెడ్డి నిచ్చెన మనిషి. మున్సిపాలిటీకి మాత్రం ఇంకా గడువుంది, అక్కడి ఛైర్‌పర్సన్ తులశమ్మ గొడుగు మనిషి. మిషను నడవాలంటే మంచినీటి పైపు కావాలి, అది తులశమ్మ చేతిలో పని. నడిపే సిబ్బంది కావాలి, అది ఆసుపత్రి కమిటీకి అధ్యక్షుడైన బసివిరెడ్డి చేతిలో పని. ముందు సిబ్బందిని వేస్తే నీళ్ళిస్తామని ఆమె. ముందు నీళ్ళిస్తే సిబ్బందిని వేస్తామని ఆయన. మిషన్లు తెచ్చింది మేమని ఒకరు, మూలన పడేసింది మీరని ఒకరు. రెండూ నిజమే. నిజాలు రెండున్నా నీళ్ళు మాత్రం ఒక్క చుక్క రాలేదు.

ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ పద్మాకర్ మెత్తటి మనిషి. మూడు వారాలు ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగి ఒక ఒప్పందం రాయించాడు. సోమవారం పదిన్నరకి ఇద్దరూ కలిసి రిబ్బన్ కోయాలి. కోసిన మరుక్షణం నీళ్ళు వదలాలి, సిబ్బంది ఉత్తర్వులు చేతికివ్వాలి. శిలాఫలకం మీద ఎవరి పేరు పైన అన్న చిక్కు వస్తే పేర్లు గుండ్రంగా చెక్కించాడు, ఎటు నుంచి చదివితే వాళ్ళు ముందు. రిబ్బన్ వంగపండూ కాదు చిలకపచ్చా కాదు, బంగారు రంగు. కత్తెర సుభానీది. ఇంత చూసిన మనిషి ఒక్కటి చూడలేదు. దర్జీ కత్తెరకి రింగులు రెండూ సమానంగా ఉండవు. బొటనవేలికి చిన్నది, మిగతా వేళ్ళన్నిటికీ పెద్దది.

మొదటి రోగిగా సుభానీ పేరే రాశారు. ఆ సోమవారం ఆయనకి మిషను రోజు.

"బస్సు పోనియ్యమాకయ్యా. ఆళ్ళ మాట నమ్ముకుని నీ రోజు చెడగొట్టుకుంటావా?" అంది మాబున్నీ.

"ఇద్దరూ సంతకాలు పెట్టారే. మనూళ్ళో మన మంచం మీద పడుకుని చేయించుకోబోతన్నా," అని బస్సు వదిలేశాడు సుభానీ. ఉతికిన చొక్కా వేసుకుని, ఆయాసపడుతూ నన్ను పళ్ళెంలో మోసుకెళ్ళాడు.

షామియానా, మైకు, రెండు రంగుల కండువాలు. బసివిరెడ్డి వస్తూనే నన్ను అందుకుని పెద్ద రింగులోకి నాలుగు వేళ్ళు దూర్చాడు. తులశమ్మ చెయ్యి చాపింది. మిగిలింది చిన్న రింగు.

"ఏంది రెడ్డిగారూ, నాకు బొటనేలు మిగిల్చారా?"

"రింగు రింగేనమ్మా. కోసేది రెండూ కలిసే గదా."

"అట్టయితే మీరే చిన్నదాంట్లో పెట్టండి. కోసేది రెండూ కలిసే గదా."

జనం నవ్వారు. బసివిరెడ్డి కూడా నవ్వాడు గాని వేళ్ళు తియ్యలేదు. "నా ఏలు దాంట్లో దూరదమ్మా," అన్నాడు.

"నా ఏలు దూరుద్దని మీరు కొలతలు తీశారా?"

డాక్టర్ గారు మధ్యలోకి వచ్చాడు. "డ్రెస్సింగ్ రూములో మా కత్తెర ఉందండీ. రింగులు రెండూ సమానం. తెప్పించమంటారా?"

"సుభానీ కత్తెరే కావాల," అన్నారు ఇద్దరూ ఒక్కసారిగా. ఆ రోజు ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం అదొక్కటే. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను.

"పోనీ ఒకరి తర్వాత ఒకరు కోయండి. రెండు రిబ్బన్లు కట్టిస్తాను."

"ముందెవరు?" అన్నారు, అదీ ఇద్దరే.

అప్పుడు సుభానీ బెంచీ మీది నుంచి లేచాడు. "అయ్యా, అమ్మా, నేను కోస్తా. మీరిద్దరూ చెరో పక్క నిలబడి నా భుజాల మీద చేతులేయండి. ఈ కత్తెర నా చేతికి అలవాటే."

ఇంత తెలివైన మాట ఆ షామియానా కింద ఇంకొకటి పుట్టలేదు. తులశమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు ఆళ్ళ జెండాలు కుడతావు గదా సుభానీ," అంది. బసివిరెడ్డి పక్కనున్న కార్యకర్త ఊరుకోలేదు. "ఈమెగారియ్యీ కుడతాడులే సార్. ఈడు ఎటో అనుమానమే," అన్నాడు. రెండు పార్టీలకీ పని చేసిన మనిషి రెండు పార్టీలకీ పరాయివాడవుతాడని నాకు ఆ రోజే తెలిసింది. సుభానీ మళ్ళీ కూర్చున్నాడు.

"కోయటం కుదరకపోతే ఆ ముడి ఊడదీయండయ్యా, తలుపు తెరుచుద్ది!" అని మాబున్నీ వెనక నుంచి అరిచింది. ముడి ఊడదీస్తే అది ప్రారంభోత్సవం కిందికి రాదని ఎవరో వివరించారు.

పదకొండున్నర అయింది. పన్నెండయింది. చివరికి మైకుల మనిషి ఒక ఉపాయం చెప్పాడు. "మర ఇప్పితే రెండు బద్దలొస్తయ్యి గదా సార్. తలా ఒకటి పట్టుకోండి." అందరి ముఖాలూ వికసించాయి. పెద్ద రింగున్న బద్ద ఎమ్మెల్యేకి. పేరు కొట్టి ఉన్న బద్ద ఛైర్‌పర్సన్‌కి. ఒకరికి పరిమాణం, ఒకరికి పేరు. ఇంత న్యాయమైన పంపకం నేను చూడలేదు. "విడదీస్తే కోయదండీ," అని డాక్టర్ గారు గొణిగాడు. "ఫోటోకి చాల్లెండి డాక్టరుగారూ, తర్వాత బిగించుకుందాం," అన్నారు. మైకుల మనిషి తన స్క్రూడ్రైవరుతో మర తిప్పాడు. పదహారేళ్ళు కలిసున్నవాళ్ళం, రెండు చేతుల్లోకి వెళ్ళిపోయాం. అప్పటి నుంచి నేనంటే ఈ చిన్న రింగు సగమే.

చెరో బద్దతో రిబ్బన్ మీద రుద్దారు. రంపంలా లాగారు. బంగారు రంగు పీచు లేచింది, రిబ్బన్ తెగలేదు.

"మీ ముక్క ఇటీయండి, బిగించి ఇస్తాం," అన్నాడు బసివిరెడ్డి.

"మీదే ఇటీయండి. బిగించటం మాకూ వచ్చు."

ఎవరి ముక్క వాళ్ళే ఉంచుకున్నారు. పైగా అవతలివాళ్ళు మాట తప్పకుండా హామీగా ఉంచుకున్నామని మైకులో చెప్పారు. మర ఎటూ చెందని వస్తువు కాబట్టి దాన్ని డాక్టర్ గారి అరచేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నీళ్ళు రాలేదు, ఉత్తర్వులు రాలేదు. షామియానా విప్పేదాకా సుభానీ ఉతికిన చొక్కాతో ఆ బెంచీ మీదే కూర్చున్నాడట. వెళ్తున్నప్పుడు తులశమ్మ చేతి సంచీలోంచి నాకు ఆయన కాళ్ళు కనిపించాయి, చెప్పుల పట్టీలు దాటి ఉబ్బి ఉన్నాయి.

మర్నాడు ఆయనకి ఊపిరాడలేదు. అంబులెన్సులో జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. ఇక దినపత్రికల్లో రెండు ప్రకటనలు వచ్చాయి. "పేద దర్జీ ప్రాణాలతో చెలగాటం" అన్నది రెంటికీ శీర్షిక. కింద పార్టీ పేర్లు మాత్రం తారుమారు. రెండు పార్టీలూ పరామర్శకి కూడా వెళ్ళాయట. గొడుగువాళ్ళు అరటిపళ్ళ గెల తీసుకెళ్ళారు. నిచ్చెనవాళ్ళు కొబ్బరిబోండాల గెల తీసుకెళ్ళారు. కిడ్నీ రోగికి అరటిపండూ కొబ్బరినీళ్ళూ రెండూ విషంతో సమానం. నర్సమ్మ రెండు గెలల్నీ వరండాలోకి గెంటించిందని తర్వాత మాబున్నీ చెప్తే విన్నాను. ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు పార్టీలూ ఒకే విధానం మీద నిలబడ్డాయి.

సుభానీ ఇంటికొచ్చాక మాబున్నీ బయలుదేరింది. కత్తెర వస్తే ఆయన కూర్చుని నాలుగు గుడ్డలైనా కోసుకుంటాడు, ఆ ధ్యాసలో ఉంటాడని ఆమె ఆశ. ముందు తులశమ్మ ఇంటికి వచ్చింది. అప్పటికి నేను ఆమె బీరువాలో, పట్టుచీరల మీద సుఖంగా ఉన్నాను.

"తులశమ్మక్కా, ముక్క నీకెందుకు? కూరగాయలకి కూడా పనికిరాదు. ఇచ్చెయ్యి."

"ఇస్తానే. ఊరికే ఎందుకిస్తా, నలుగురికీ తెలియాల," అని తులశమ్మ ఫోటోగ్రాఫరుని పిలిపించింది. పేదల ఉపాధి కోసం ఛైర్‌పర్సన్ ఔదార్యం అని పత్రికలో పడింది. అందులో నేను బాగానే పడ్డాను. సుభానీ పేరే తప్పు పడింది.

ఆ పత్రిక పట్టుకుని మాబున్నీ బసివిరెడ్డి దగ్గరికి పోయింది, నన్ను కొంగులో చుట్టుకుని. ఆయన పత్రిక చదివి, కళ్ళజోడు తీసి, నిజంగానే బాధపడ్డాడు.

"నిన్న వచ్చుంటే ఇచ్చేవాణ్ణి గదమ్మా. ఆళ్ళు పేపర్లో ఏసుకున్నాక ఇప్పుడు నేనిస్తే, ఆమెను చూసి ఇచ్చినట్టు ఉండదా?"

"ఉంటే ఏంది రెడ్డిగారూ?"

"నీకు రాజకీయం తెలవదులే తల్లీ."

"నాకు కాజాలు తెలుసు. చిల్లు ఒక పక్క, గుండీ ఒక పక్క కుట్టుకుని రెంటినీ కలపకపోతే చొక్కా ఎగిరిపోద్దని తెలుసు."

బసివిరెడ్డి నవ్వి ఆమెకి టీ ఇప్పించాడు. ముక్క ఇవ్వలేదు. మర కోసం ఆసుపత్రికి వెళ్తే, ఈలోగా డాక్టర్ పద్మాకర్‌ని ఎక్కడో కొండ ప్రాంతానికి బదిలీ చేశారు. రెండు పార్టీలతోనూ చనువుగా ఉన్నాడని రెండు పార్టీలూ ఫిర్యాదు చేశాయట. మర ఆయన పెన్నుల డబ్బాలో అలాగే వెళ్ళిపోయింది. మెత్తటి మనిషి, మరిచిపోయి ఉంటాడు.

చైత్రం వెళ్ళాక పైనుంచి అధికారులు వచ్చి, వాడకంలో లేవు కనుక అయిదు మిషన్లనూ జిల్లా ఆసుపత్రికి తరలించమని రాసిపోయారు. లారీ వచ్చిన రోజు ఊరంతా రోడ్డు మీదే ఉంది. మిషన్లు పోవడానికి కారణం నిచ్చెనవాళ్ళేనని గొడుగువాళ్ళు రోడ్డుకి ఎడమ పక్క పడుకున్నారు. గొడుగువాళ్ళేనని నిచ్చెనవాళ్ళు కుడి పక్క పడుకున్నారు. ఒకరికొకరు తగలకుండా మధ్యలో ఎడం ఉంచుకున్నారు. సరిగ్గా లారీ పట్టేంత ఎడం. డ్రైవరు దణ్ణం పెట్టి ఆ సందులోంచి నిదానంగా పోనిచ్చాడు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కలిసి పడుకుని ఉంటే లారీ ఆగిపోయేది. మాబున్నీ ఈ మాట పైకే అంది. నినాదాల హోరులో ఎవరికీ వినపడలేదు.

ఎండలు ముదిరాయి. సుభానీ ఇక బస్సెక్కలేకపోయాడు. కుట్టుమిషను అమ్మేసి, కొట్టుకి తాళం వేసి, జిల్లా ఆసుపత్రి వెనక సందులో ఒక గది తీసుకున్నారు. నలభై ఏళ్ళు బతికిన ఊళ్ళోంచి రెండు సంచులతో వచ్చారు. ఒక సంచిలో నేనున్నాను.

నిన్న సుభానీని కొత్త మంచం మీద వేశారు. ఎడమ చేతికి సూదులు గుచ్చి గొట్టాలు తగిలించారు. మిషను మెల్లగా రొద పెట్టింది. మాబున్నీ నాతో ఆపిల్ పండు తొక్క తీస్తోంది, డాక్టరు తినమన్నంత మేరకే, రెండే ముక్కలు. మిషను పక్కనున్న చీటీని సుభానీ తల వంచి చదివాడు. ప్రాంతీయ ఆసుపత్రి, పాలదిన్నెపేట.

"ఇది మనదేనే," అన్నాడు.

"ఏందీ?"

"ఈ మిషను. మనూరిది. ఆ రోజు నాకోసం పెట్టింది ఇదేనేమో." పరాయి చోట సొంత ఊరి మనిషి ఎదురుపడ్డట్టు దాని మీద చెయ్యి వేసి నిమిరాడు.

అప్పుడే ఫోను మోగింది. ప్రజల అభిప్రాయం అడిగే రికార్డు గొంతు. ఆడగొంతు, తేనెలో ముంచి తీసినట్టుంది. "పాలదిన్నెపేట పట్టణ ప్రజలకు నమస్కారం. మీ పట్టణానికి కేటాయించిన డయాలసిస్ యంత్రాల సేవలు మీకు అందుతున్నాయా? అందుతున్నట్లయితే ఒకటి నొక్కండి. అందకపోతే రెండు నొక్కండి."

సుభానీ కుడి చేత్తో ఫోను పట్టుకుని భార్యకేసి చూశాడు. "ఏం నొక్కమంటావే?"

"మిషను మనదే, ఎక్కించుకుంటన్నావు. ఒకటి నొక్కు."

"ఒకటి నొక్కితే ఊళ్ళో అంతా బాగుందని రాసుకుంటారు. ఆ బస్సులో ఇంకా ఇరవై అయిదు మంది తిరుగుతన్నారు."

"అయితే రెండు నొక్కు."

ఆయన బొటనవేలు రెండు మీదికి వెళ్ళి ఆగిపోయింది. గొట్టాల్లో తన రక్తం తిరుగుతున్న వైపు చూశాడు. "రెండు నొక్కితే అందట్లేదని దీన్ని ఇక్కణ్ణించి కూడా ఎత్తుకపోతారేమోనే?"

మాబున్నీ ఆలోచించింది. రికార్డు గొంతు మళ్ళీ మొదటి నుంచి నమస్కారం చెప్పింది. ఆమె నన్ను ఆపిల్ పండు పక్కన పెట్టి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, దిండు కిందికి తోసి, పైన అరచెయ్యి ఆనించి గట్టిగా పట్టుకుంది.

"నాలుగు గంటలూ అయ్యేదాకా ఏదీ నొక్కమాక," అంది.